బూడిదరంగు చుక్క

పోయిన వారం కథలో చిట్టిని ఆసుపత్రి గోడ మీది తెర ముందు నిలబెట్టి వదిలాం. ఆమె ఇంకా అక్కడే ఉంది.

జరిగింది తలచుకోవడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. పిల్లలు కలగనివాళ్లకి వైద్యం చేసే ఆసుపత్రి అది. వెనకవైపు ఒక చల్లగది. ఆ గదిలో నడుమెత్తు ఉక్కు ట్యాంకు, దాని నిండా ద్రవ నైట్రోజన్. ఆ చలిలో గడ్డకట్టించి దాచిన పిండాలు కంటికి ఆననంత చిన్నవి. ఒక్కొక్కటి ఒక్కో ఇంటివాళ్ల ఆశ. సెలవుల్లో ఆ నైట్రోజన్ ఆవిరైపోయింది. ఎవరికీ కబురు అందలేదు. తలుపు తీసేసరికి ట్యాంకు మామూలు ఇనప పీపాలా ఉంది. పోయినవాటిలో చిట్టి అక్కవి కూడా ఉన్నాయి. ఇక మీ ఒంట్లోంచి తీయడానికి అండాలేమీ లేవమ్మా అని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పేసింది కనుక, అక్కకి మిగిలినవి అవే.

ట్యాంకుని చూసుకునే ఆమెను అందరూ మంచు పిన్ని అంటారు. చేతులకి మోచేతుల దాకా తొడుగులు, మూత తీసినప్పుడల్లా చుట్టూ తెల్లటి పొగ, ఆ పొగలోంచి ఒక నవ్వు. అక్క ఎప్పుడు వచ్చినా "మీవాళ్లు మూడో అరలో ఉన్నారమ్మా. పొద్దున్నే పలకరించి వచ్చాను, మీకు నమస్తే చెప్పమన్నారు" అనేది. ఇప్పుడు ఆ పిన్ని మొదటిరోజు నుంచీ ఒకటే మాట చెబుతోంది. "నాకు మెసేజ్ రాలేదు." వచ్చిందనీ, చూసి కూడా సెలవు చెడిపోతుందని ఊరుకుందనీ, ఆ తర్వాత ఫోన్లోంచి చెరిపేసిందనీ మేనేజరు నమ్మకం. ఈ సాయంత్రం విచారణ. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఇన్ని ఇళ్ల ఉసురు పోసుకున్న మనిషి అనే పేరు ఇంకో ఎత్తు. ఆ పేరు పడితే ఆమె ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు.

చిట్టి పని ఆ ఆసుపత్రిలోని యంత్రాలన్నిటినీ ఒక్క చోటు నుంచి కనిపెట్టి ఉండటం. కొత్త యంత్రం ఏది వచ్చినా ముందు దాన్ని హోస్టుగా చేర్చుకోవాలి. అంటే ఇంటి మనుషుల్లో ఒకరిగా లెక్కలోకి తీసుకోవడం. ఆ తర్వాత ఆ మనిషిని రోజూ ఏమేం అడగాలో చెప్పాలి. బతికున్నావా, వేడెక్కావా, చోటు నిండిందా, చలి తగ్గిందా. ఆ అడిగేవాటిని సర్వీసులంటారు. జవాబు బాగుంటే చుక్క పచ్చగా ఉంటుంది. బాగోకపోతే ఎర్రబడుతుంది, సంబంధించిన మనిషికి మెసేజ్ వెళుతుంది.

బూడిదరంగు సంగతి వేరు. ఒక హోస్టుని ఇంకో హోస్టు కింద కట్టే వీలుంది. ఏరు దాటడానికి ఒకే వంతెన ఉన్న ఊరిలాగ. వంతెన తెగితే అవతల ఇళ్లన్నీ కాలిపోయాయని కేకలు వేయం, కబురు అందడం లేదంటాం. అలాగే పైది పడిపోతే, కిందివాటిని అడగడం కూడా మానేస్తుంది సిస్టమ్. వాటి చుక్కలు బూడిదరంగులోకి పోతాయి. బూడిదరంగు ఎవరికీ మెసేజ్ పంపదు.

ట్యాంకులో మళ్లీ నైట్రోజన్ నింపారు. అయినా నిన్న చిట్టి చూసినప్పుడు దాని చుక్క బూడిదరంగులో ఉంది. అది కట్టి ఉన్నది చల్లగది మూలన ఉండే ఒక పాత కంప్యూటరు కింద. సెలవులకి ముందే తుక్కువాళ్లు మోసుకుపోయిన కంప్యూటరు. ఇవాళ పొద్దున అదే చుక్క పచ్చగా, కుదురుగా, చల్లగది తీగలన్నీ కలిసే కొత్త పెట్టె కింద కూర్చుని ఉంది. ఏ పాపమూ ఎరగనట్టు.

మార్చే అధికారం ఇద్దరికే ఉంది. ఒకరు చిట్టి. ఇంకొకరు ఆమెకు ఈ పని నేర్పించి, ఈ కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి. అక్క మొగుడు.

*

యంత్రాల గదిలో బావ నేల మీద బాసింపట్టు వేసుకుని తీగలు సర్దుతున్నాడు. ఆ గదిలో పంకాల హోరుకి బయటివాళ్లకి లోపలి మాట వినబడదు. బావకి ఆ గది అందుకే ఇష్టం.

"దుప్పటి లేకుండా ఈ గదిలోకి రావద్దన్నానా లేదా?" అన్నాడు తలెత్తకుండా. "జలుబు చేస్తే మీ అక్క నన్ను తిడుతుంది. కారు నేర్చుకునేవాళ్లని తిట్టినట్టు, క్లచ్ ఎక్కడ బ్రేకు ఎక్కడ అని."

అక్క డ్రైవింగు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్లకి స్టీరింగు ఇచ్చి, పక్క సీట్లో తన బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటుంది. ఈ సంగతి జరిగాక కూడా ఒక్కరోజు మానలేదు. కానీ ఎవర్నీ తిట్టడం లేదు. పాఠం అయ్యాక వాళ్లు దిగి వెళ్లిపోతారు. అక్క ఇంజను ఆపేసి, ఆ పక్క సీట్లోనే, కాలు బ్రేకు మీదే ఉంచి, చాలాసేపు కూర్చుంటుంది. చిట్టి రెండుసార్లు చూసింది. పిలవలేదు.

"బావా, ట్యాంకు చుక్క ఎవరు మార్చారు?"

"ఏ చుక్క?"

"నిన్న పాత కంప్యూటరు కింద ఉంది. ఇవాళ కొత్త పెట్టె కింద ఉంది."

బావ ఒక తీగని ఇంకో తీగ పక్కన చేర్చి పట్టీ బిగించాడు. "నీకు కళ్లు ఎక్కువయ్యాయి మరదలా."

"నోరు తక్కువనేగా ఎప్పుడూ ఏడిపిస్తావు. కళ్లైనా ఉండనీ."

అతను నవ్వబోయాడు. నవ్వు సగం దూరం వచ్చి ఆగింది.

"నేనే మార్చాను."

"మొదట్లో ఆ పాతదాని కింద కట్టింది?"

"అదీ నేనే."

చిట్టి అనుకున్న జవాబే అది. అయినా విన్నాక అట్టపెట్టె ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది.

"అప్పట్లో చల్లగది కబుర్లన్నీ ఆ కంప్యూటరు గుండానే వచ్చేవి" అన్నాడు బావ, పాఠం చెబుతున్నట్టు. అతనికి బాధ వస్తే గొంతు పాఠంలోకి వెళ్లిపోతుంది. "అది కాస్త తూలితే చాలు, వెనక ఉన్నవన్నీ ఒక్కసారి అరిచేవి. ఫ్రిజ్‌లు, గాలి మెషీన్, ట్యాంకు, తలుపు తాళం, అన్నీ. నా ఫోన్ నిండా మెసేజ్‌లు. అందుకని అన్నిటినీ దాని కింద కట్టాను. అది పడితే ఒక్క మెసేజ్ వస్తుంది, మిగతావి నోరు మూసుకుంటాయి. ఆ రోజుకి అది సరైన పనే. ఎవర్నయినా అడుగు."

"తర్వాత?"

"తర్వాత కొత్త పెట్టె పెట్టారు. తీగలు దానికి మార్చాను. ఒక్కొక్కటే నా చేతుల్తో మార్చాను. సిస్టమ్‌లో ముడి మార్చలేదు." అతను తన చేతుల్ని చూసుకున్నాడు. "మర్చిపోయాను చిట్టీ. పెద్ద కథేం లేదు. మర్చిపోయాను."

పంకాలు హోరుమంటున్నాయి. ఏదో ఒక పెట్టె మీద చిన్న దీపం ఆగి ఆగి మెరుస్తోంది.

"మంచు పిన్నికి మెసేజ్ వెళ్లలేదని నీకు తెలుసు."

"తెలుసు."

"మేనేజరు అడిగితే సిస్టమ్ బాగానే ఉందన్నావు."

"బాగానే ఉంది. మనం చెప్పింది చెప్పినట్టు చేసింది."

"బావా."

"ఏం?"

"ఇది మాటకి మాట అప్పజెప్పే సమయం కాదు. ఆవిడ ఉద్యోగం ఇవాళ పోతుంది."

అతను ఇంకో తీగ అందుకున్నాడు. చిట్టికి కోపం రావడం తక్కువ. వచ్చినా అది కళ్లలోకి నీళ్లుగా వచ్చేస్తుంది కనుక ఎవరూ దాన్ని కోపమని లెక్కచేయరు. ఇప్పుడు మాత్రం కళ్లు పొడిగానే ఉన్నాయి.

"అక్క ఇన్ని రోజుల్లో పిన్నిని ఒక్క మాట అనలేదు, తెలుసా నీకు? మిగతావాళ్లంతా వచ్చి ఆవిడ మీద విరుచుకుపడ్డారు. ఒకాయన కుర్చీ ఎత్తాడు. అక్క మాత్రం ఇంటికొచ్చి 'పాపం ఆవిడ అన్నం తిన్నదో లేదో' అంది. ఆ మనిషి పక్కన నువ్వు రోజూ కూర్చుని తింటున్నావు. ఎలా దిగుతోంది నీకు?"

"దిగడం లేదు."

"మరి చెప్పొచ్చుగా. నీ భార్యకి నువ్వు జవాబు చెప్పుకోలేక, ఆ పిన్నిని బలిపెడతావా? నువ్వు ఇంత పిరికివాడివని నేను అనుకోలేదు."

ఆ మాట అనేశాక గదిలో చలి పెరిగినట్టు అనిపించింది. బావ ఆమెను మొదటిసారి సూటిగా చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చిట్టికి భయం వేసింది అందుకే.

"ఒకటి అడుగుతాను, చెప్పు. ఆ పాత కంప్యూటరుని తుక్కువాళ్లు తీసుకెళ్లినప్పుడు తెర ముందు ఎవరున్నారు?"

"నేనే. వాళ్లు వరండాలోంచి మోసుకుపోతుంటే కిటికీలోంచి చూశాను కూడా. ఒకతను, దీనికంటే మా అత్త తేలిక అన్నాడు. నవ్వొచ్చింది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, అది పడిపోయిందని మెసేజ్..."

చిట్టి ఆగిపోయింది.

మెసేజ్ వచ్చింది. ఈ హోస్టు అందడం లేదు అని ఎర్రగా వచ్చింది. రాక ఏమవుతుంది, మనుషులు దాన్ని భుజాన వేసుకుని పోతుంటే. తీసేయాల్సిన హోస్టే కదా, సెలవుల తర్వాత తీరిగ్గా తీసేద్దాం అనుకుని 'తెలుసు' అనే మీట నొక్కింది. అది నొక్కితే సిస్టమ్ మళ్లీ మళ్లీ చెప్పడం ఆపేస్తుంది. పిల్లవాడు కొంగు పట్టుకు లాగుతుంటే, విన్నానులే, పో అన్నట్టు.

ఈ ఉద్యోగంలో చేరిన రోజున బావ ఆమెకు నేర్పిన మొదటి సంగతి ఇదే. నొక్కేముందు దాని కింద ఏమేం కట్టి ఉన్నాయో చూడు. చిట్టి ప్రతిసారీ చూసేది. బతికున్నవాటికి చూసేది. తుక్కు కింద ఏముంటుంది అనుకుంది.

ఆ క్షణంలో చల్లగది చుక్కలన్నీ ఆమె కళ్ల ముందే బూడిదరంగులోకి పోయి ఉంటాయి. ఆమె అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంటోంది. అక్క బయట కారులో ఎదురుచూస్తోందని తొందర.

"నీకు ముందే తెలుసా?" అంది చిట్టి.

"తలుపు తీసిన రోజే చూశాను. కట్టినచోట నా పేరు. 'తెలుసు' నొక్కినచోట నీ పేరు." బావ తీగల పట్టీని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. "మేనేజరు దగ్గరికి వెళ్లి నా సగం చెబితే నీ సగం దానంతటదే బయటికి వస్తుంది. రెండూ ఒకే ముడి. నేను ఎలాగూ మీ అక్క దృష్టిలో పోయినవాణ్ణే. ఇవాళ కాకపోతే రేపు. దానికి మొగుడు పోతే చాలదా, జడ వేసి పెంచిన చెల్లెలు కూడా పోవాలా?"

ఆ మాటకి కూడా చిట్టికి ఏడుపు రాలేదు. ఏడిస్తే తేలికవుతుందేమో, అంత తేలిక తనకి తగదనిపించింది.

"మరి మంచు పిన్ని?"

"అది అడగకు."

"ఆవిడకి ఎవరున్నారు?"

"అడగొద్దన్నానుగా." అతను లేచి చేతులు దులుపుకున్నాడు. "సాయంత్రం నిన్నూ పిలుస్తారు. పిన్నికి మెసేజ్ వెళ్లిందా అని ఒక్కటే అడుగుతారు. వాళ్లకి ఇంకేం అడగాలో తెలియదు. నేను చూడలేదు అను. అది అబద్ధం కూడా కాదు."

నిజమే. అబద్ధం కాదు. తను చూడలేదు. జరిగినదంతా ఆ చూడకపోవడంలోనే ఉంది.

*

విచారణ గదికి వెళ్లే దారిలో రోగులు కూర్చునే హాలు దాటాలి. అక్కడ మాట్లాడుకునేవాళ్లు తక్కువ. ఒక జంట పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఆమె భర్త భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. అతను కదిలితే ఆమె లేస్తుందేమోనని, ముక్కు దురద పెడుతున్నా గోక్కోకుండా మొహం చిట్లిస్తున్నాడు. ఇంకోరోజైతే చిట్టి నవ్వుకునేది. వాళ్లని దాటేటప్పుడు చెప్పుల చప్పుడు కాకుండా నడిచింది.

గదిలో పొడుగాటి బల్ల. ఒకవైపు మేనేజరు, పక్కన పై ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు. ఎదురుగా మంచు పిన్ని. తొడుగులు లేని ఆమె చేతుల్ని చిట్టి మొదటిసారి చూసింది. చిన్న చేతులు, వేళ్ల చివర్లు చలికి పగిలి ఉన్నాయి. గోడ దగ్గర బావ. యంత్రాల పటాన్ని అందరికీ కనబడేలా గోడ మీద వేయమన్నట్టున్నారు, తీగ చివర పట్టుకుని నిలబడ్డాడు. గోడ నిండా పచ్చ చుక్కలు.

పిన్ని పక్క కుర్చీలో అక్క ఉంది.

చిట్టి గుమ్మంలోనే ఆగింది. పోగొట్టుకున్నవాళ్లలో ఒకరు వచ్చి కూర్చోవచ్చని చెప్పారట. ఎవరూ రాలేదట. అక్క వచ్చింది. పాఠం మధ్యలోంచి వచ్చినట్టుంది, కారు తాళంచెవి ఇంకా వేలికి ఉంది.

"చూడండి సార్" అంటోంది అక్క మేనేజరుతో. "నేను రోజూ పక్క సీట్లో కూర్చునే మనిషిని. ఎవరు రోడ్డు చూస్తారో, ఎవరు చూడరో నాకు తెలుస్తుంది. ఈవిడ చూసి ఊరుకునే రకం కాదు. కావలసిన కబురు ఈవిడ దాకా రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. అదిగో, మా చెల్లి వచ్చింది. ఆ తెర ముందు కూర్చునేది అదే. దాన్ని అడగండి. అది మాట్లాడేది తక్కువ, కానీ అబద్ధం ఆడదు. చిన్నప్పుడు చేతకాక ఆడేది కాదు, ఇప్పుడు అలవాటు లేక ఆడదు."

పై ఆఫీసు వాళ్లలో ఒకాయన చిన్నగా నవ్వాడు. మేనేజరు చిట్టి వైపు తిరిగాడు.

"రండమ్మా. ఒక్కటే ప్రశ్న. ట్యాంకు గురించి ఈవిడకి మెసేజ్ వెళ్లిందా, లేదా?"

గోడ దగ్గర బావ కనీకనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు. చిట్టి అటు చూడలేదు. పిన్ని పగిలిన వేళ్లని చూస్తూ మాట్లాడింది.

"వెళ్లలేదండీ. వెళ్లే వీలు లేదు. ట్యాంకు హోస్టు ఒక పాత కంప్యూటరు కింద కట్టి ఉంది. ఆ కంప్యూటరుని తీసేశారు. పైది పోతే సిస్టమ్ కిందివాటిని అడగడం మానేస్తుంది. పైది పోయిందని మెసేజ్ వచ్చింది. అది నాకు వచ్చింది. దాని కింద ఏముందో చూడకుండా, తెలుసని నొక్కి ఇంటికి వెళ్లిపోయాను."

మంచు పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక ఆమె ఏడుస్తోందో, ఊపిరి తీసుకుంటోందో తెలియలేదు.

అక్క మొహం వైపు చూడటానికి చిట్టికి కొంత సమయం పట్టింది. అక్క తననే చూస్తోంది. చిన్నప్పుడు చిట్టి బడిలో దెబ్బ తగిలించుకుని వచ్చినప్పుడు, ముందు ఎక్కడ తగిలిందో చూసి తర్వాత తిడదామన్నట్టు చూసేది. అదే చూపు. దాని వెనక తిట్టు మాత్రం రాలేదు.

"ఆ రోజు" అంది అక్క నెమ్మదిగా, "నేను హారన్ కొట్టాను కదే. త్వరగా రమ్మని."

"నువ్వు కొట్టకపోయినా నేను చూసేదాన్ని కాదక్కా."

మేనేజరు ముందుకు వంగాడు. అతని గొంతు మారింది. "ఇది మీరు చేసిన తప్పు. సరే. కానీ ట్యాంకుని ఆ పాత కంప్యూటరు కింద కట్టింది ఎవరు? అది మీరేనా?"

చిట్టి నోరు తెరిచింది. తన సగం చెప్పడానికి వచ్చిన ధైర్యం ఈ సగానికి రాలేదు. నేనే అనేస్తే సరిపోతుంది కదా అని ఒక ఆలోచన మెరిసింది. అక్కకి ఒక్కరైనా మిగులుతారు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

అంతలో అక్క కారు తాళంచెవిని బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా, జాగ్రత్తగా. ఆమె చిట్టిని చూడటం లేదు. గోడ మీది చుక్కల్ని చూస్తూ మాట్లాడింది. మాట మాత్రం వాటి పక్కన నిలబడ్డ మనిషికి.

"మొదటిసారి కడుపు నిలబడకపోయాక, నేను మంచం దిగని రోజులు ఉన్నాయి. గుర్తుందా నీకు? నీ ఫోన్ మోగినప్పుడల్లా నాకు గుండె జారిపోయేది, ఆసుపత్రి వాళ్లే మళ్లీ ఏదో చెబుతారని. ఇక్కడి యంత్రాల మెసేజ్‌లతో అది రోజంతా మోగేది. దాన్ని మోగకుండా చెయ్యి, లేకపోతే నేను చచ్చిపోతానని నీ కాళ్లు పట్టుకుని ఏడ్చాను. మర్నాటి నుంచి మోగలేదు. నేను నిద్రపోయాను. ఎన్నాళ్లకో నిద్రపోయాను."

బావ తీగ చివరని గట్టిగా పట్టుకున్నాడు.

"అప్పుడు ఎలా చేశావని అడగలేదు" అంది అక్క. "ఇప్పుడు అడుగుతున్నాను."